కుందేటి కన్నీరు

ఇంట పెంచుకొను కుందేటికి కన్ను చెమర్చినచో గృహిణి మొదట కంటిమందు కొఱకే వెదకును. ఆ మందు వేసిన నాలుగు దినములు కన్ను తేటపడినట్లు కనుపట్టును. పక్షము దాటకముందే లోకొలికిలో పాలవంటి తెల్లని నీరు నిలుచును, చెక్కిలిమీది బొచ్చు తడిసి అట్టకట్టును. మఱల మందు, మఱల తడి. ఇట్లు మూడు నాలుగు మాఱులు జరిగిన పిమ్మట "దీని కన్నింతే" యని యూరకుండువారును, దుకాణమున దొరకిన చుక్కలెల్ల వేసి చూచువారును గలరు. కాని యీ కన్నీటికి మూలము పెక్కు సందర్భములలో కంటియందు లేదు, పంటియందున్నది. పంటి సంగతి విడిచి కంటికెంత శ్రద్ధతో చికిత్స చేసినను ఫలింపదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లను పట్టుదల యిచ్చట పనికిరాదు.

అంతస్తుల యిండ్లలో కుక్కకు చోటు చాలక, పిల్లల ముచ్చట కాదనలేక, మన పట్టణములలో కుందేలును తెచ్చుకొను కుటుంబములు గలవు. మొఱగదు, కఱవదు, మూల గూర్చుండును, బొమ్మవంటిదని తలచి తెత్తురు. సరిగా సాకిన కుందేలు ఎనిమిదేండ్లనుండి పండ్రెండేండ్లవఱకు బ్రదుకును. తెచ్చిన పిల్లలు చదువులకు బోయిన పిదప దాని పోషణము తల్లిమీదనే పడును గాన ఈ సంగతులు గృహిణి యెఱిగియుండుట మేలు. మఱియొక్క మాట. మన తెలుగున కుందేలను పేరు రెండు జంతువులకు చెల్లుచున్నది. పొలముగట్లపై, పొదలలో తిరుగు అడవికుందేలు, కొన్ని సీమలవారు చెవులపిల్లి యనునది, వేఱు జాతి. దానిని పట్టితెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. ఇండ్ల పెరుగునది ఐరోపాఖండపు కుందేటి సంతతి. ఈ వ్యాసము దానిని గూర్చియే.

కుందేటికి మొత్తము 28 పండ్లు. ముందు పైన నాలుగు, క్రింద రెండు; కోఱపండ్లు లేవు; వెనుక పైవరుసలో ప్రక్కకు ఆఱు, క్రిందివరుసలో ప్రక్కకు ఐదు చొప్పున దౌడపండ్లు 22. పైన నాలుగన్నచో కొందఱు నమ్మరు, కనబడునవి రెండే గదా యందురు. ఆ రెండింటి వెనుక మేకులవంటి చిన్నపండ్లు రెండు దాగియుండును. కుందేలు ఎలుక, ఉడుతల కుటుంబమునకు చెందినదని పూర్వము తలచెడివారు. 1912లో గిడ్లీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు అది ప్రత్యేకవర్గమని వాదించెను. ఆ వర్గమునకు ఈ దాగిన పండ్ల జత యొక ముఖ్యమైన గుఱుతు.

మన పండ్లు వచ్చి నిలిచిపోవును. కుందేటి పండ్లన్నియు అది బ్రదికియున్నంతకాలము పెరుగుచునే యుండును. ముందుపండ్లు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. అరుగుదల లేకున్న ఏడాదికి 10 సెంటీమీటర్లన్నమాట! దౌడపండ్ల పెరుగుదల యింతకన్న నెమ్మది. ఈ పెరుగుదలకు తగిన అరుగుదల నమలుటవలననే కలుగవలయును. గడ్డిపోచను నమలునపుడు కుందేటి క్రిందిదౌడ తిరుగలివలె ప్రక్కకు తిరుగును. పైపండ్లును క్రిందిపండ్లును ఒండొంటిని అరగదీసికొనును. మెత్తని తిండి తిను కుందేలు దౌడను పైకి క్రిందికి నాలుగుసారు లాడించి మ్రింగివేయును. అందుచే పండ్ల అంచులు అరుగక మొనలు దేఱును: క్రింది మొనలు నాలుకవైపునకు, పై మొనలు చెక్కిలివైపునకు. అవి మాంసమును కోయును. ఆ పుండుతో నమలుటకు బాధపడి కుందేలు మఱింత మెత్తనిదానిని కోరును. మెత్తనిది తినుటచే మొనలు మఱింత పెరుగును.

ఇక కన్నీరు పోవు త్రోవ చూతము. మనుష్యులకు ప్రతికంటికి ఱెప్పల కొలికిలో పైన నొకటి, క్రింద నొకటి సన్నని రంధ్రములున్నవి. కుందేటికి క్రిందిఱెప్పయందు ఒక్కటియే. అచ్చటినుండి కన్నీటి నాళము బయలుదేరి, మొగపుటెముకలో వంపులు తిరుగుచు, దౌడపండ్ల వేళ్లకును ముందుపండ్ల వేళ్లకును దాపుననే సాగి, ముక్కులో తెఱచుకొనును. ముందుపంటి వేరుచెంత ఆ త్రోవ మిక్కిలి యిఱుకు. పన్ను పైకి పెరుగుటకు ఎదుటిపన్ను అడ్డుపడినచో అది వేరువైపునకు, ఎముకలోనికి, పెరుగును. ఆ వేరు నాళమును నొక్కును. నీరు నిలుచును. నిలిచిన నీట క్రిములు చేరి చీమగును. తూము పూడి ముంగిట నీరు నిలిచినపుడు ముంగిలి యెన్నిమాఱులు తుడిచిన నేమి?

వెనుకటి పైదౌడపండ్ల వేళ్లు కంటిగుంటకు మిక్కిలి చేరువ. అచ్చట చీముగడ్డ పుట్టెనేని కనుగ్రుడ్డు ముందునకు పొడుచుకొనివచ్చును. కుందేటి చీము మనుష్యుల చీమువలె పలుచనై కాఱిపోవునది కాదు. జున్నువలె గట్టిపడి యుండును. కావుననే గడ్డను చీరి విడిచినంత మాత్రమున మానదు. సంచితోకూడ తీసివేసి, మూలమైన పంటిని గూడ పెఱుకవలసివచ్చును.

కంటి జబ్బులన్నియు పంటివే యని నా యభిప్రాయము కాదు. ఎండుగడ్డి మొన గ్రుచ్చుకొని కంటిపొర గాయపడవచ్చును. మూత్రముతో తడిసిన పక్కను మార్చకున్న ఆ ఘాటుకు కన్నులు మండును. శ్వాసకోశపు అంటువ్యాధులవలన తుమ్ములతోపాటు కన్నీరు కాఱును. ఒక్కకన్నే మఱల మఱల చెమర్చుచు, ఆ చెమ్మ తెల్లగా చిక్కగా నుండి, దానితోపాటు తిండిలో ఏ కొంచెమైన మార్పు కనబడినచో మాత్రము పంటిని శంకింపకుండ విడువరాదు.

పండ్లు చెడుట కొన్నిటికి పుట్టుకతోనే వచ్చును. పొట్టిమొగము గల మరుగుజ్జు జాతులలోను, చెవులు వ్రేలాడు జాతులలోను దౌడలు సరిగా కుదురుకొనకుండుట తఱచు. చూచుటకు బొమ్మవలె ముద్దుగా నుండు ఆ గుండ్రని మొగమే దానికి శత్రువు. అట్టి కుందేళ్లను పిల్లలు పెట్టనీయరాదు. మిగిలినవానికి తిండియే ముఖ్యకారణము. ఇంగ్లండులో ఫ్రాన్సెస్ హార్కోర్ట్ బ్రౌన్ అను పశువైద్యురాలు 1996లో ఈ విషయమై యొక వ్యాసము ప్రకటించెను. గింజలు, గుళికలు కలిపి పెట్టిన తిండిలో కుందేలు తనకు రుచించినవి మాత్రమే యేరుకొని తినుననియు, అందుచే సున్నపుపాలు తక్కువై దౌడయెముకయు పండ్లును బలహీనపడుననియు ఆమె చూపెను. ఎండతగులని గదులలో బ్రదుకు కుందేళ్లకు డి విటమిను కొఱత గూడ తోడగును. దినమునకు కొంతసేపు లేతయెండలో, నీడకు పోవుటకు వీలుగల చోట, విడిచినచో మంచిది. మన నడివేసవి యెండ మాత్రము దానికి ప్రాణాంతకము.

మన యిండ్లలో కుందేటికి పెట్టునవి యెట్టివి? క్యారెట్టు, బిస్కత్తు, అన్నపుమెతుకులు, అరటిపండు, పిల్లలు చేతికందిచ్చు చపాతిముక్క. ఇందులో నొక్కటియు పంటిని అరగదీయదు. బొమ్మలపుస్తకములలో కుందేటి చేత క్యారెట్టు పెట్టిన చిత్రకారు లెవరో కాని వారు దానికి చేసిన మేలు లేదు. అది తీపిదుంప, వారమునకు రెండు మూడు ముక్కలు చాలును. కుందేటి తిండిలో నూటికి ఎనుబదిపాళ్లు గడ్డియే కావలయును. పట్టణములలో తిమోతి, ఓటు గడ్డి యను పేర్లతో ఎండుగడ్డి సంచులు దొరకును, ధర యెక్కువ. పల్లెలలోను, పెరడున్నవారికిని గరిక చాలును. మందులు చల్లని చోట కోసి, కడిగి, నీడ నాఱబెట్టి పెట్టవచ్చును. వరిగడ్డి పక్కగా పఱచుటకు మంచిదే కాని సారము తక్కువ. దానినే పూర్తి తిండిగా నమ్మరాదు. కొత్తిమీర, పుదీన, ముల్లంగియాకు దినమునకు గుప్పెడు. గుళికలు కొలిచి కొద్దిగా.

గరిక మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. వినాయకచవితి మఱునాడు మిగిలిన పత్రిని కుందేటి ముందు వేయు నలవాటు కొన్ని యిండ్ల గలదు. ఆ పత్రిలో గరికతోపాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు గూడ నుండును. ఈ మూడును విషములు. గరికను వేఱుగా తీసి పెట్టుకొని, మిగిలినదానిని దాని కంటబడనీయకుడు.

కుందేలు తన బాధను దాచుకొను జంతువు. అడవిలో బలహీనత కనబఱచిన కుందేలే మొదట నక్కవాత బడును. ఆ స్వభావము పంజరములో పుట్టినదానికిని పోలేదు. నోరంతయు పుండైనను మూలుగదు. కావున దాని మాటలు మనమే వెదకుకొనవలయును. తిండివద్దకు ఆత్రముగా వచ్చి, వాసన చూచి, వెనుకకు తిరుగుట. ముద్దను నోటనుండి జాఱవిడుచుట. గడ్డముక్రింద బొచ్చు తడిసియుండుట. ఒడిలో నిమిరినపుడు మెల్లగా పండ్లాడించుట గాక, ఒంటరిగా ముడుచుకొని పండ్లు పటపట కొఱుకుట. పెంటికలు మునుపటికన్న చిన్నవై, తక్కువై, ఒకే పరిమాణములో లేకుండుట. కుందేలు తన మెత్తని పెంటికలను కొన్నిటిని తానే తినును. అసహ్యపడ నక్కఱలేదు, అది దానికి పోషకాహారమే. పంటిబాధగలది ఆ పని చేయలేదు; అవి వెనుకభాగమున అంటుకొని యుండును. వానకాలమున ఈగలు వానిపై వ్రాలి గ్రుడ్లు పెట్టును. పురుగులు పట్టినచో ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీదికి వచ్చును.

అన్నింటికన్న నమ్మదగిన సాక్షి వంటయింటి త్రాసు. వారమున కొకనాడు, ఒకే వేళకు, కుందేటిని బుట్టలోనుంచి తూచి, గ్రాములు పుస్తకమున వ్రాసిపెట్టవలయును. పాలలెక్క వ్రాసుకొనుటకన్న ఎక్కువ శ్రమ కాదు. బొచ్చు దట్టముగానున్న జంతువు సగము చిక్కినను కంటికి తెలియదు; అంకె యబద్ధ మాడదు.

మా మేనకోడలి యింట చెవులు వ్రేలాడు తెల్లని కుందేలున్నది. నాలుగవయేట దాని ఎడమకన్ను చెమర్చుట మొదలిడెను. చూపిన వైద్యుడు మూడుమాఱులు కంటిచుక్కలు వ్రాసి యిచ్చెను; మూడుమాఱులును తగ్గి మఱల వచ్చెను. ఒకనాడామె కొత్తిమీరకట్టను పెట్టి చూడగా, అది ఆకులు తిని కాడలు విడిచెనట. అంతకు ముందెన్నడును కాడలనే ముందు తినెడిది. త్రాసున బెట్టగా నెలలో 1,800 గ్రాములనుండి 1,620కి దిగినది. కుందేళ్ల నెఱిగిన వేఱొక వైద్యురాలు నోట సన్నని దీపపుగొట్టముంచి చూచి, మత్తిచ్చి ఎక్స్-రే తీయించెను. క్రిందివరుసలోని యొక మొన నాలుకప్రక్కను చీల్చియున్నది. పైముందుపంటి వేరు కన్నీటి నాళమును నొక్కియున్నది. ఆ వేరు కోసి సరిచేయునది కాదు, దానితో బ్రదుకవలసినదే. మొనలను అరగదీసి, నాళమును కడిగి యింటికి పంపిరి. ఐదువారములలో మొనలు మఱల వచ్చినవి.

ఇచ్చట చికిత్స సంగతులు కొన్ని చెప్పవలసియున్నది. వైద్యులు ఫ్లోరెసిన్ అను రంగుచుక్క కంట వేసి నీలికాంతిలో చూతురు. పొరపై గాయమున్న నాచోటు పచ్చగా మెఱయును. ఆ రంగే కొంతసేపటికి ముక్కునుండి వెలువడిన నాళము తెఱచియున్నదని తెలియును. మూసికొన్నచో కంటికి స్పర్శ పోవు చుక్కలు వేసి, మెత్తని సన్నగొట్టముతో ఉప్పునీటిని నాళములోనికి ఎక్కించి కడుగుదురు. ఇది యొక్కమాఱుతో తీరునది కాదు. కొన్నిటికి నాళము శాశ్వతముగా పూడిపోవును, అప్పుడు దినదినము తుడుచుటయే గతి. పొడవు పెరిగిన ముందుపండ్లను గోళ్లకత్తెరతో కత్తిరించువారు గలరు. అట్లు చేసిన పన్ను నిలువున చీలి, చీలిక వేరువఱకు పోయి చీముపట్టును. తిరుగుచక్రముతో అరగదీయించుటయే మేలు. ముందుపండ్లు మాటిమాటికి వంకరగా పెరుగుచున్నచో ఆఱింటిని పెఱికించుటయు గలదు. వినుటకు ఘోరముగానున్నను, పిదప ఆ కుందేలు సన్నగా తరిగిన గడ్డిని, ఆకులను పెదవులతో నందుకొని దౌడపండ్లతో చక్కగా నమలుకొనును.

మత్తిచ్చు దినమున కుక్కలకువలె దీనిని పస్తుంచుడని ఎవరైన చెప్పినచో మఱల అడిగి తెలిసికొనుడు. కుందేలు వాంతి చేసికొనలేదు. పస్తు దానికి అపకారము. పండ్రెండుగంటలు ఏమియు తినని కుందేటికి ప్రేవుల కదలిక నిలిచిపోవు ప్రమాదమున్నది. రేపు చూతమను మాట దాని విషయమున పనికిరాదు.

మందులలో రెంటిని గూర్చి గృహిణులు తప్పక గుఱుతుంచుకొనవలయును. పిల్లలకు జ్వరమువచ్చినపుడు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సీసా మన యిండ్ల నుండును. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ వంటివి నోటిద్వారా ఇచ్చినచో కుందేటి ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులు చచ్చి, విషము పుట్టించునవి ప్రబలి, విరేచనములతో ప్రాణము పోవచ్చును. అదే కుటుంబమునకు చెందిన పెన్సిలిన్‌ను పశువైద్యులు కొన్ని చీముగడ్డలకు సూదిమందుగా వాడుదురు; లోనికి పోవు త్రోవ మాఱినంత మాత్రమున మందు విషమగుచున్నది. రెండవది, పెద్దల కంటికి వ్రాసిన స్టెరాయిడ్ చుక్కలు. కంటిపొరపై గాయముండగా అవి వేసినచో గాయము లోతై కన్నే పోవచ్చును.

కంటిని కడుగుటకు అరలీటరు నీరు బాగుగా కాచి చల్లార్చి, అందు ముప్పాతిక చిన్నచెంచా ఉప్పు కలిపిన చాలును. ఏనాటి నీరానాడే చేసికొనవలయును. శుభ్రమైన దూదిని గోరువెచ్చని యీ నీట ముంచి, అట్టకట్టినదానిని నాననిచ్చి, లోకొలికినుండి మెల్లగా తుడువవలయును. బలముగా పీకిన బొచ్చుతోపాటు చర్మము లేచివచ్చును. ఒక కంటికి వాడిన దూదిని రెండవకంటికి వాడరాదు. తరువాత మెత్తని గుడ్డతో అద్ది ఆర్చవలయును. తడియే చర్మమును పుండుచేయును. చనుబాలు, తేనె, ఆముదము, నందివర్ధనపు పువ్వు మున్నగు మన యింటివైద్యములను కుందేటి కంట ప్రయోగింపకుడు. నిలిచిన నాళములో పాలును తేనెయు క్రిములకు విందు.

పండ్లు సరిచేసి తెచ్చిన తరువాత ఒకటి రెండుదినములు నోరు నొచ్చి సరిగా తినదు. అప్పుడు గుళికలను పొడిచేసి, వెచ్చనినీట నానబెట్టి జావగాచేసి, సూదిలేని సిరంజితో పెట్టవలయును. సిరంజిని ముందుపండ్ల ప్రక్కగానున్న ఖాళీచోట నుంచి, కొంచెము కొంచెముగా, మ్రింగిన పిదపనే మఱి కొంచెము. వెల్లకిల పరుండబెట్టి పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. పలుచగా నున్న యీ జావ ఆకలి తీర్చునే గాని పంటిని అరగదీయదు గనుక, ప్రక్కన గడ్డి యెల్లప్పుడు నుండవలసినదే. నొప్పికి వైద్యులు కొలిచి యిచ్చిన మందు తప్ప మన మాత్రలు వలదు.

మా మేనకోడలి యత్తగారు మంచి మనసుగల యామె. ఏడాది గడచిన తరువాత, "నోరులేని జీవమును నెల నెల మత్తిచ్చి కోయించుట పుణ్యమా, పాపమా? అది మనలను అడుగనైన లేదు గదా" యని అడిగెనట. తోసివేయదగిన ప్రశ్న కాదది. ఖర్చు సంగతియు నున్నది; మధ్యతరగతి యింట ఒక్కొక్క మాఱు అయిన వ్యయము పిల్లల ఫీజులలెక్కలో తగులును. ఆ అమ్మాయి వాదింపలేదట. తూకపు పుస్తకమునందే ప్రక్కగా, ప్రతిదినమును ఒక్క గీత వ్రాయ మొదలుపెట్టెను: తానై వచ్చి గడ్డి తిని, గదిలో గంతులువేసిన దినమునకు నిలువుగీత; ముడుచుకొని యున్న దినమునకు అడ్డగీత. రెండు చికిత్సల నడుమ నిలువుగీతలు విస్తారముగానున్నంతవఱకు చేయింతము, అడ్డగీతలు మీఱిననాడు వైద్యురాలితో కూర్చుండి ముగింపును గూర్చి మాటాడుదము, అని అత్తగారును కోడలును ఒప్పుకొనిరి.

అప్పటినుండి బిస్కత్తు, అన్నము ఆ యింట కుందేటికి నిలిపివేసిరి. గడ్డి మూడుపూటల మార్చుదురు. పాతబడినదానిని అది ముట్టదు. ఐదువారముల కొకసారి అరగదీయవలసిన పండ్లు ఇప్పుడు తొమ్మిదివారములు నిలుచుచున్నవి. ఎడమకన్ను మాత్రము ప్రతి యుదయమును తుడువవలసియే యున్నది. ఆ పని యత్తగారిది. పూజకు పూలు కోయుటకు ముందే దూది నీట ముంచునట. పుస్తకమున గీతయు నామెయే గీయును.